అనాథ ప్రేత సేవా సమితి

వికారాబాదులో మా వకీలు సాబు దగ్గర గుమాస్తాగా చేరినప్పటినుంచి నేను చేసిన పని ఒక్కటే, సంఘాలకు పురుడు పోయడం. నిజాం హయాంలో నలుగురు ఒకచోట కూర్చోవాలంటే పైనుంచి అనుమతి కావాలి. నలభై ఎనిమిదిలో ఆ బెడద పోయింది. పోయిందో లేదో, తాలూకాలో ప్రతి పెద్దమనిషికీ ఒక సంఘం పెట్టాలన్న దురద పట్టుకుంది.

ధాన్యం వ్యాపారులు ఒక సంఘం పెట్టారు. సంతకు ముందురోజు కూర్చుని రైతుకు ఎంత తక్కువ ఇవ్వాలో తేల్చుకోవడం దాని పని, పేరు మాత్రం కర్షక శ్రేయస్సు. కొందరు ఉద్యోగస్తులు పేకాటకు గది అద్దెకు తీసుకుని వినోద వికాస కేంద్రమన్నారు. ఒక కులం వాళ్లు పేద విద్యార్థులకు వసతి గృహం తెరిచారు, అందులో పేద విద్యార్థులంతా కార్యదర్శి మేనల్లుళ్లే. గోసంరక్షణ సంఘం కూడా ఒకటి ఉండేది. ఆ గోవుల పాలు ఎవరింట్లో తోడుకునేవని అడిగితే పాపం తగులుతుంది. వీటన్నిటికీ నియమాలు రాసింది నేనే. అన్నిటికీ మొదటి వాక్యం ఒకటే, ఈ సంస్థ లాభాపేక్ష లేనిది అని. రాసేటప్పుడు నవ్వు ఆపుకోవడం మొదట్లో కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది.

అరవై రెండులో పన్నుల కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆ ఎండాకాలమే శంకరప్ప సావుకారి తాండూరులో రైలెక్కి మా వరండాలో దిగాడు. తాండూరులో పప్పు మిల్లులు, ఊరి బయట షాబాదు బండ తీసే గని ఆయనవే. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి.

"వకీల్ సాబ్, రెక్కలు ముక్కలు చేసుకొని నేను సంపాయిస్తె సర్కారు వచ్చి మింగుడేంది? జర తోవ చూపుండ్రి," అన్నాడు.

ఆయన రెక్కలు నేను చూశాను. వాటికి ముక్కలయ్యే యోగం ఈ జన్మకు లేదు.

"ధర్మసంస్థ పెట్టు సావుకారీ," అన్నాడు మా వకీలు. "గనిని దాని పేరు మీద రాసెయ్. ధర్మానికి పోయే ఆమ్దాని మీద పన్ను పడది. నువ్వే అధ్యక్షునివి. గని యాడికీ పోదు."

"ధర్మమా!" శంకరప్ప ముఖం మాడిపోయింది. "దానికి మస్తు ఖర్సు గాదా?"

ఇక ఆ పూటంతా ఇద్దరూ కూర్చుని ధర్మాలను కూరగాయల్లా ఏరారు. మఠం పెడతానన్నాడు శంకరప్ప. ఒక్క కులానికీ ఒక్క మతానికీ అంటే కొత్త చట్టం ఒప్పదన్నాడు వకీలు. బడి పెడితే పంతుళ్లు నెలనెలా జీతాలడుగుతారు. దవాఖానా పెడితే అందులో మనుషులు చచ్చి పేరు ఖరాబవుతుంది. వ్యాపారుల సంఘానికి ఆల్రెడీ అధ్యక్షుడున్నాడు, ఆయన ఇప్పట్లో చచ్చేలా లేడు. క్లబ్బు పెడదామంటే, సభ్యులు తమలో తాము కులికేది ధర్మం కిందికి రాదు.

చివరికి శంకరప్ప విసిగిపోయి, "ఊకెనే నడిచే ధర్మమేదన్న ఉంటే చూడుండ్రి. పనిచేసేటోళ్లు వాళ్లే ఉండాలె, పేరు నాది ఉండాలె," అన్నాడు.

దేశంలో ధర్మానికి ఇంతకన్నా నిక్కచ్చి నిర్వచనం నేను వినలేదు.

ఊరికే నడిచే ధర్మం ఆ వారంలోనే మా వరండా మెట్ల మీద కూర్చుంది. శంకరప్ప గనిలోనే బండలు కొట్టేవాళ్లు ముగ్గురు. వాళ్ల వాడకు పెద్దమనిషి జంగప్ప, పక్కన మత్తయ్య, అతని భార్య రాహేలమ్మ. ఆ వాడలో సగం ఇళ్లు పోచమ్మకు కల్లు సాక పోస్తాయి, సగం ఇళ్లు ఆదివారం ప్రార్థనకు పోతాయి. చావు దగ్గర మాత్రం ఆ తేడా లేదు. అందరూ పాతిపెట్టేవాళ్లే, అందరిదీ ఒకటే చావు సంఘం.

తాండూరు నేల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. జానెడు మన్ను తీస్తే బండ తగులుతుంది. ప్రాణం పోయాక గొయ్యి మొదలుపెడితే శవం ఎదురుచూడలేదు. అందుకని ఆ వాడవాళ్లు ఎప్పుడూ ఒక గొయ్యి ముందే తవ్వి, పైన పలకలు పరిచి ఉంచుతారు. అది ఫలానా వాళ్లదని ఎవరూ అనరు, అనకూడదు. ఒకరు పోతే అందులో పెట్టి, ఆ వచ్చే ఆదివారం వాడంతా కలిసి ఇంకొకటి తవ్వుతారు. పోయినవాళ్లను మన్నులో పెట్టేదాకా ఒక్కరూ గనిలోకి దిగరు. సమాధి ఉన్నచోట గడ్డపార ఎత్తరు, ఎత్తితే అది పోయినవాళ్లకు తగిలినట్టే. కాగ్నా నది ఒడ్డున కాస్త మన్ను లోతున్న జాగాలో, వాళ్లు బొందలగడ్డ అనే చోట, వాళ్ల తాతలనాటినుంచీ ఇదే నడుస్తోంది. ఒక్క నియమం రాసుకోలేదు, ఒక్క అధ్యక్షుణ్ణి పెట్టుకోలేదు. సంఘమంటే అదీ. కానీ దాన్ని సంఘమని ఒప్పుకునే చట్టం మా బీరువాలో లేదు.

"గని దినదినం జరుగుకుంట మా బొందలగడ్డ దిక్కు వస్తుంది సారూ," అన్నాడు జంగప్ప. "ఆ జాగ మాదని జర కాయిదం చేసియ్యుండ్రి."

మత్తయ్య ఏదో చెప్పబోయి దగ్గాడు. బండ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగిన మనిషి దగ్గు వేరుగా ఉంటుంది, లోపల ఎవరో రాయి గీకుతున్నట్టు. దగ్గు ఆగాక అతను అన్నది ఒక్కటే మాట. "నా బిడ్డ దీనమ్మ ఆడ పండుకున్నది. జెరమొచ్చి పోయింది, సిన్నపిల్ల. దాని పక్కపొంటి నాకింత జాగ దొరికితె సాలు సారూ."

"నాకు ఇంకేం ఆశ లేదు సారూ," అంది రాహేలమ్మ. "ఈయన గూడ ఎక్కువ దినాలుండడు. బిడ్డ ఒక్కతే ఉన్నది ఆడ. అయ్య పక్కకుంటే నాకు నిమ్మళం."

మా వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జాలితో అనుకున్నారా? లెక్క కుదిరినప్పుడు ఆయన అలాగే తుడుచుకుంటాడు.

పెళ్లిళ్ల పేరయ్యలాగా రెండు వైపులా తిరిగి ఆయన సంబంధం కుదిర్చాడు. అనాథ ప్రేత సేవా సమితి అని పేరు. అధ్యక్షుడు శంకరప్ప, సభ్యులు వాడవాళ్లు. బొందలగడ్డ ఎటూ సర్కారు భూమే, సమితి పేరు మీద అడిగితే సర్కారు రాసిచ్చింది. గని అంచు అక్కడితో ఆగుతుందని శంకరప్ప మాటిచ్చాడు. వాడవాళ్లు సంతోషపడ్డారు. అంత సులభంగా సంతోషపడే జనాన్ని చూస్తే నాకు కోపమొస్తుంది.

మిల్లు ముందర షామియానా వేసి సభ పెట్టారు. నియమాలు నేనే చదివాను. సమితి సేవలు దిక్కులేని అనాథలకే చెందును, సభ్యులుగాని వారి కుటుంబీకులుగాని సమితి వలన ఎట్టి ప్రయోజనమూ పొందరాదు. గొంతెత్తి, తాపీగా, అక్షరం మింగకుండా చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. అది ఏ భాషో వాళ్లకు తెలియదు. తెలుగే అని చెబితే నమ్మేవాళ్లు కాదు.

రైలులో వచ్చేటప్పుడు వకీలుతో అన్నాను, వాళ్ల గోతిలో వాళ్లనే పెట్టకూడదంటే ఎలా అని. ధారూర్ స్టేషన్లో కొన్న జామకాయ కొరుకుతూ ఆయన సెలవిచ్చాడు. "తమ పీనుగులను తాము మోసుకుంటే అది ధర్మం గాదయ్యా, వాటా. పక్కోళ్ల పీనుగులను మోస్తేనే ధర్మం. చట్టం గట్లనే చూస్తది."

సభ్యులకు శంకరప్ప తగరపు బిల్లలు పంచాడు. సమితి పేరు, మధ్యలో దీపం బొమ్మ. ఇక చూడాలి వాడ సంబరం. ఎవరి అంగీ మీద బిల్ల లేకపోతే వాడు మనిషి కాదన్నట్టు అయిపోయింది. ముసలివాళ్లు పేరు రాయించుకున్నారు, చంకలో పిల్లల పేర్లు రాయించారు. జంగప్ప అయితే కోడలి కడుపులో ఉన్నవాడికి కూడా ఒక బిల్ల అడిగి తీసుకున్నాడు. ఆఖరికి ఆ వాడలో సభ్యుడు కానివాడు ఒక్కడూ మిగల్లేదు. అంటే ఆ బొందలగడ్డలో పూడ్చదగ్గ మనిషి ఒక్కడూ మిగల్లేదు. ఈ సంగతి వాడలో ఎవరికీ తట్టలేదు. తట్టిన వకీలూ నేనూ నోరు విప్పలేదు.

వానాకాలం వెళ్లాక పన్నుల ఆఫీసరు హైదరాబాదునుంచి తనిఖీకి వస్తాడని కబురొచ్చింది. సమితి ఒక్క అనాథనైనా పూడ్చి చూపించాలి. శంకరప్ప రోజూ పొద్దున్నే తాండూరు స్టేషనుకు మనిషిని పంపి, ప్లాట్‌ఫారం మీద ఎవరైనా దిక్కులేకుండా పోయారా అని అడిగించేవాడు. పోలేదంటే ఉసూరుమనేవాడు. బిచ్చగాళ్ల ఆరోగ్యం గురించి ఆయన అంతగా ఆలోచించడం అదే మొదలు.

ఆ ఏర్పాట్లు చూడ్డానికి వకీలూ నేనూ తాండూరు వెళ్లిన రోజునే మత్తయ్య పోయాడు.

జంగప్ప మిల్లుకు వచ్చి చెప్పాడు. "మత్తయ్య పోయిండు సావుకారీ. తెల్లారంగ పానం ఇడిసిండు. బొంద తయ్యారున్నది, మాపటికల్ల మన్నుల పెడుతం."

శంకరప్ప అదిరిపడ్డాడు. "ఏ బొందల పెడతవ్‌రా? అది సమితిది. మత్తయ్యకు బిల్ల ఉన్నదా లేదా?"

"ఉన్నది. అంగీ మీద పెట్టుకొనే పోయిండు."

"అయితె కుదురది. మెంబరుకు లాభం జెయ్యొద్దని కానూను ఉన్నది. ఆఫీసరొచ్చే ముంగట నా కొంప ముంచుతవా?"

లాభం! చచ్చినవాడికి ఆరడుగుల మన్ను లాభమట! కందిపప్పులో రాళ్లు కలిపి అమ్మేవాడి నోట ఆ మాట వినడానికి నేను పుట్టాను. ఆ గొయ్యి తవ్వినవాళ్లలో జంగప్పా ఉన్నాడు, దగ్గుతూ మత్తయ్యా ఉన్నాడు.

వకీలు ముందుకొచ్చాడు. ఆయనకు చిక్కుముడి కనబడితే చావైనా పండగే. "పరేషాన్ కాకుండ్రి. తోవ ఉన్నది. మత్తయ్య మెంబరు కాడు, మత్తయ్యే కాడు. రైలు పట్టాల పక్కన దొరికిన అనాథ. పెండ్లాం వచ్చి పంచుల ముంగట 'ఈ మనిషి నాకు ఏమీ కాడు' అంటే చాలు. అదే బొందల, బిడ్డ పక్కన్నే పెట్టొచ్చు. మన ఆఫీసరుకు అనాథ దొరుకుతడు, మత్తయ్యకు జాగ దొరుకుతది."

శంకరప్ప ముఖం విప్పారింది. జంగప్ప కూడా, సిగ్గులేకుండా, తల ఊపాడు.

అందరం వాడకు వెళ్లాం. గని ఆగిపోయింది. సుత్తెల చప్పుడు లేని తాండూరు నాకు కొత్తగా అనిపించింది. మత్తయ్యను గుడిసె ముందు మంచం మీద పడుకోబెట్టారు, తలాపున రాహేలమ్మ కూర్చుంది. వకీలు చేతులు కట్టుకుని, కోర్టులో కూడా పలకనంత మెత్తగా విషయం చెప్పాడు. ఆమె మొదటిసారి అర్థం కాక వింది, రెండోసారి అర్థమై వింది.

"ఒక్క మాట వదినే," అన్నాడు జంగప్ప. "నోటితోటి అను, మనసుల అనకు. మత్తయ్య కోరిక తీరుతది."

"అంటే మన్నేసేటప్పుడు నేను రావొద్దా?"

"రావొచ్చమ్మా, దూరం నుంచి చూడొచ్చు," అన్నాడు వకీలు. "ఏడ్వొద్దు, అంతే. ఏడిస్తే సంబంధం తెలుస్తది."

రాహేలమ్మ ఆయన వైపు తిరిగింది. "మరి ఆడున్న నా బిడ్డ? ఈయన నాకేం గాడంటే దీనమ్మ ఎవల బిడ్డ సారూ?"

తాలూకా మొత్తంలో నోరు మూతపడని మనిషని పేరున్న మా వకీలు నేల చూపులు చూశాడు. నాకు కడుపు నిండినట్టయింది.

ఆమె లేచి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. శంకరప్పనే చూస్తూ మాట్లాడింది. "నా మొగడు బతికినన్ని దినాలు నీ రాయి కొట్టిండు సావుకారీ. రాయి అమ్ముకొని నువ్వు తిన్నవు, దుమ్ము ఆయన తిన్నడు. రాత్రంత దగ్గుతుంటె పక్కన కూసున్నది నేను. గీయన అనాథనా? ఎవలకు దిక్కులేదు, గీయనకా, నీకా? పీనుగుల కోసం టేషను కాడ కాసుక కూసున్న నువ్వు మనిషివా?" మంచం మీదికి వంగి, మత్తయ్య అంగీకి ఉన్న బిల్ల పీకి వకీలు చేతిలో పెట్టింది. "గిది మీది. నా మొగడు నాకు మొగడే. లేపుండ్రిరా మంచం."

లేపారు. అప్పటిదాకా తల ఊపిన జంగప్ప కూడా మంచం ముందుకోడు పట్టుకున్నాడు. బొందలగడ్డ మీద పడతారని శంకరప్ప భయపడి, కర్రలతో మనుషులను కాగ్నా ఒడ్డుకు ఉరికించాడు. వాళ్లు అక్కడ ఎండలో వరసగా నిలబడి ఉత్త గోతికి కాపలా కాశారు.

మంచం అటు పోనేలేదు. దారి చీలిన చోట రాహేలమ్మ గని వైపు తిరిగింది.

గనిలో ఆ వారమే పై మట్టి, పిచ్చిరాయి ఎత్తి నీలం బండ పొర బయటపెట్టారు. తాండూరులో అంత మంచి పొర ఇంకోటి లేదని శంకరప్ప మురిసిపోతున్న జాగా అది. బొంబాయి బేరగాళ్లకు మాట కూడా ఇచ్చాడు. సరిగ్గా దాని నడుమ, ముందే తవ్వి ఉన్న గుంటలో, మత్తయ్యను దించారు. ఆడవాళ్లు చేలగట్లనుంచి గంపలతో మన్ను మోసుకొచ్చారు. మొదటి పిడికెడు రాహేలమ్మ వేసింది. అప్పుడు ఏడ్చింది, గని గోడలు మారుమోగేలా ఏడ్చింది. వాడంతా ఆమెతో ఏడ్చింది. పైన పలకలు పేర్చి, సన్నబండ చీల్చి సిలువ నిలబెట్టారు. నేను గట్టు మీద నిలబడి చూశాను. నా పక్కన వకీలు చేతిలో బిల్ల తిప్పుతూ, "ఇది కానూనుకు విరుద్ధం," అన్నాడు. ఏ కానూనుకో ఆయనకే తెలియదు.

మర్నాటినుంచి ఆ పొర మీద గడ్డపార ఎత్తే మనిషి దొరకలేదు. శంకరప్ప తిట్టాడు, కూలి పెంచుతానన్నాడు, వాడ ఖాళీ చేయిస్తానన్నాడు. "బొంద మీద గడ్డపార ఎత్తం సావుకారీ," అన్నాడు జంగప్ప, అంతకుమించి మాట్లాడలేదు. శంకరప్ప సేడం వైపునుంచి కన్నడ కూలీలను బండ్ల మీద దింపించాడు. వాళ్లు సిలువను చూసి, "బ్యాడ్ రీ, బ్యాడ" అని, వద్దే వద్దని తలలు అడ్డంగా ఊపి, ఆ బండ్లే ఎక్కి వెళ్లిపోయారు.

శంకరప్ప మా వరండాలో కూలబడ్డాడు. "శవం తీపియ్యాలె వకీల్ సాబ్. ఏమన్న జెయ్యుండ్రి."

వకీలు పుస్తకాలు తిరగేసి గొంతు సవరించుకున్నాడు. "తీయొచ్చు. దగ్గరి బంధువు ఒప్పుకోవాలె."

"దగ్గరి బంధువు ఎవలు?"

"భార్య," అన్నాను నేను. అడగకపోయినా చెప్పాను. గుమాస్తాగిరీలో నాకు అంత రుచిగా తగిలిన మాట ఇంకొకటి లేదు.

మళ్లీ ముగ్గురం తాండూరు బయల్దేరాం. మొగుడు ఏమీ కాడనమంటే ముఖం విప్పారిన శంకరప్పే ఇప్పుడు ఆ గుడిసె ముందు నిలబడ్డాడు. వాడవాళ్లు చుట్టూ మూగారు. "రాహేలమ్మా, మత్తయ్య పెండ్లానివి నువ్వు. నీ మాటే మాట. నువ్వు ఊ అంటే ఆయనను కాగ్నా ఒడ్డున దీనమ్మ పక్కన్నే పెట్టిపిస్త. అధ్యక్షుణ్ణి నేను జెప్తున్న, ఏ కానూనూ అడ్డం రాదు."

ఏ కానూనూ అడ్డం రాదట. నేను వకీలు ముఖం చూశాను. ఆయన దూరంగా రైలుకట్ట చూస్తున్నాడు. జంగప్ప ఆశగా రాహేలమ్మ వైపు తిరిగాడు. నిజం చెప్పాలంటే, ఆమె ఒప్పుకుంటుందనే నేనూ అనుకున్నాను. భార్యాభర్తలు మా మెట్ల మీద కూర్చుని అడిగింది అదే కదా.

ఆమె చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"నా మొగడు ఆడ మంచిగున్నడు సావుకారీ," అంది. "అనాథల జాగల నా బిడ్డనే ఎందుకుంచాలె? ఎల్లుండి ఐతారం. దాన్నే తెచ్చి అయ్య పక్కన పండవెడుత."

చుట్టూ ఉన్నవాళ్లలో ఒక ముసలామె మెల్లగా, "మా ఆయనను గూడ తేవాలె," అంది. ఇంకెవరో తమ అమ్మ పేరు చెప్పారు. శంకరప్ప వకీలు భుజం పట్టుకుని, "ఆపుండ్రి వీళ్లను, జల్ది ఏమన్న చెప్పి ఆపుండ్రి," అన్నాడు.

సమితి భూమిలో ఎవరిని పూడ్చకూడదో నియమాలు రాశాంగానీ, ఎవరిని తీసుకుపోకూడదో ఒక్క నియమమూ రాయలేదు. సమితికి మినహాయింపు తర్వాత రానే వచ్చింది, ఒక బిచ్చగాడు శంకరప్పను కరుణించాడు. గని ఆమ్దాని మీద పైసా పన్ను పడలేదు. ఆమ్దానే లేదు కాబట్టి ఆ ముచ్చట వదిలేయండి.

ఆదివారం ప్రార్థన అయ్యాక వాడంతా కాగ్నా ఒడ్డుకు వెళ్లింది. గడ్డపారలు తీసుకుపోలేదు. రాహేలమ్మ మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే మన్ను తీసింది. దొరికినంత మేర తెల్లబట్టలో మూట కట్టింది. జంగప్ప గంప అందించబోతే వద్దంది. మూటను భుజాన వేసుకుని, వెనక చెయ్యి ఆన్చి, జోకొడుతూ గని దారి పట్టింది. దారి పొడుగునా దీనమ్మతో మాట్లాడుతూనే ఉంది, "లే బిడ్డా, అయ్య కాడికి పోతున్నం," అని.